పిస్తోలుకు ఆరువేల ప్రశ్నలు

పిల్లలూ! సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? కుండను ఎత్తి పట్టుకుని వేలి మెటికతో కొట్టి చూస్తుంది. ఖంగుమంటే మంచి కుండ. బొదబొదమంటే ఎక్కడో పగులుందన్నమాట. అదొక పరీక్ష. ఆ పరీక్షవల్ల కుండ చెడిపోదు కనుక సంతలోని కుండలన్నిటినీ కొట్టి చూడవచ్చు.

అగ్గిపెట్టె సంగతి అలా కాదు. అందులోని పుల్లలన్నీ మండుతాయో లేదో తెలుసుకోవాలంటే అన్నిటినీ గీయాలి. అన్నీ గీసేస్తే ఇక కొనడానికి ఏం మిగులుతుంది? అందుకని కొన్నిటిని గీసి చూసి, మిగిలినవి కూడా అలాగే ఉంటాయని నమ్మాలి. ఎన్ని గీస్తే నమ్మవచ్చు? ఎలా గీస్తే నమ్మవచ్చు? చూడడానికి చిన్న ప్రశ్నేగాని, దీని దగ్గర పెద్దపెద్ద సైన్యాలే తికమకపడ్డాయి.

సైనికుడి ముఖ్య ఆయుధం రైఫిలు. నడుం పట్టీకి వేలాడే చిన్న తుపాకి పిస్తోలు. అది చివరి ఆసరా. రైఫిలు చేతిలో లేనప్పుడు, ఆపద నాలుగు బారల దూరంలోకి వచ్చినప్పుడు దానికోసం చెయ్యి పోతుంది. అప్పుడది పేలకపోతే మళ్ళీ అవకాశం రాదు. అక్కరలేనప్పుడు పేలితే సొంత మనిషే పోతాడు. ఒక నమూనాను ఎంచుకున్నారంటే లక్షల సంఖ్యలో చేయిస్తారు; ఏళ్ళ తరబడి వాడతారు. అమెరికా సైన్యం 1911లో ఎంచుకున్న పిస్తోలు 1985 దాకా, అంటే 74 ఏళ్ళు, వాళ్ళ అధికారిక పిస్తోలుగా ఉంది. ఆ ఎంపిక ఎలా జరిగిందో చూద్దాం. అందులో మంచి ప్రయోగమూ ఉంది, చెడ్డ ప్రయోగమూ ఉంది. మొదట చెడ్డదాని సంగతి చెబుతాను.

పశువులపై పరీక్ష

1898లో అమెరికా ఫిలిప్పీన్ దీవులను స్పెయిన్ నుంచి తీసుకుంది. అక్కడి ప్రజలు ఒప్పుకోలేదు. 1899లో యుద్ధం మొదలైంది. దక్షిణాన మిండనావో, సులు దీవుల్లో మోరో ప్రజలతో పోరు ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. తమ నేలను తాము కాపాడుకుంటున్న మనుషులు వాళ్ళు. మన దేశ చరిత్ర చదువుకున్న మీకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పుడు అమెరికా అధికారుల దగ్గర 38 కాలిబరు రివాల్వర్లుండేవి. కాలిబరు అంటే గొట్టం లోపలి వెడల్పు. 38 అంటే అంగుళంలో నూటికి 38 వంతులని లెక్క. కత్తి పట్టుకుని మీదికి వచ్చే మనిషికి ఈ రివాల్వరు గుండ్లు తగిలినా ఆగకుండా వస్తున్నాడని అధికారులు ఫిర్యాదు చేశారు. పాత 45 కాలిబరు రివాల్వర్లు ఎక్కడో మూలనపడి ఉంటే వాటిని తీసి మళ్ళీ పంచారు. అయితే గుండు పెద్దదైతే నిజంగా మేలేనా? తేల్చమని 1904లో సైన్యం ఇద్దరికి అప్పజెప్పింది. ఒకరు ఆయుధ విభాగానికి చెందిన జాన్ థాంప్సన్. రెండోవారు సైనిక వైద్యుడు లూయీ లాగార్డ్.

ఈ లాగార్డ్ సామాన్యుడు కాదు సుమా. తుపాకిలోంచి వెలువడే గుండు వేడికి దానిమీది సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయని ఆ రోజుల్లో వైద్యులు కూడా నమ్మేవారు. ఆయన గుండ్లకు ఆంత్రాక్స్ సూక్ష్మజీవులను పూసి కాల్చి చూశాడు. జంతువులకు ఆ రోగం వచ్చింది. నమ్మకం పటాపంచలైంది. ఎంత చక్కని ప్రయోగమో చూడండి! ప్రశ్న ఒక్కటే, జవాబు అవును లేక కాదు.

అదే మనిషి 1904లో చేసిన పరీక్ష మాత్రం అంత చక్కగా లేదు. షికాగో నగరంలోని పశువధశాలల దగ్గర బతికున్న పశువులను రకరకాల తుపాకులతో కాల్చి, అవి ఎంతసేపటికి కూలుతాయో రాసుకున్నారు. కొన్ని శవాలమీద కూడా పరీక్షించారు. తుపాకులేమో అరడజను పైచిలుకు రకాలు. పశువులేమో పట్టుమని ఇరవై లేవు. ఒక్కొక్క రకానికి ఒకటి రెండు పశువులు. ఒక పశువుకు గుండు ఒకచోట తగిలింది, ఇంకొకదానికి మరొకచోట. మొదటిరోజు పద్ధతి ఒకటి, రెండోరోజు పద్ధతి మరొకటి. ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి.

మీరు ప్రయోగశాలలో లోలకం పొడవు మార్చినప్పుడు గుండును మార్చరు కదా? ఒకేసారి రెండూ మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఇక్కడ పశువు మారింది, గాయం చోటు మారింది, గుండు సైజు మారింది, గుండు వేగం మారింది. అయినా ఆ సంఘం సైనిక పిస్తోలుకు 45 కాలిబరుకు తక్కువ ఉండరాదని తేల్చింది. జవాబు మనసులో ముందే ఉండి, పరీక్ష తరువాత జరిగిందని నాకనిపిస్తుంది. ఆ మూగజీవాల బాధ వృథాయే అయింది. అదే నివేదికలో వాళ్ళు ఇంకొక మాట కూడా రాశారు: సైనికులకు గురి చూసి కాల్చడంలో విడవకుండా శిక్షణ ఇవ్వాలని. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం. ఎందుకో లెక్క కట్టి చూద్దాం.

స్పిన్నరు బంతీ, పిస్తోలు గుండూ

ఒకసారి మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు అడిగాడు: "సార్, సినిమాలో తుపాకి పేలగానే విలను ఎగిరి అద్దాల్లోంచి అవతల పడతాడు. నిజంగా అలా పడతారా?"

నల్లబల్ల మీద లెక్క వేశాం. 45 కాలిబరు పిస్తోలు గుండు బరువు దాదాపు 15 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 250 మీటర్లు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుంది. 0.015 × 250 = 3.75. ఇప్పుడు క్రికెట్ బంతిని తీసుకోండి. దాని బరువు 160 గ్రాములు. దానికి 3.75 ద్రవ్యవేగం రావాలంటే ఎంత వేగంగా వెయ్యాలి? 3.75ను 0.16తో భాగిస్తే సెకనుకు 23 మీటర్ల చిల్లర, అంటే గంటకు 84 కిలోమీటర్లు. అది స్పిన్నరు వేసే బంతి! ఆ బంతి పట్టిన వికెట్ కీపరు ఎగిరి బౌండరీ అవతల పడుతున్నాడా? 60 కిలోల మనిషికి ఆ గుండు ఇచ్చే వేగం సెకనుకు ఆరు సెంటీమీటర్లు. కుర్రాడు కొంచెం నిరుత్సాహపడ్డాడు కాబోలు, "అయితే తుపాకి ప్రమాదం కాదా సార్?" అన్నాడు.

ప్రమాదమే. గుండు తోసి చంపదు, చీల్చుకుపోయి చంపుతుంది. గతిజశక్తి లెక్క వేస్తే గుండుకు దాదాపు 470 జౌళ్ళు, బంతికి 44. పది రెట్లు మించిన శక్తి చిటికెనవేలంత చోట పడుతుంది. కనుక అది శరీరంలో ఏ దారిన పోయింది, ఏ అవయవాన్ని తాకింది అన్నదే ముఖ్యం. గుండు వెడల్పు రెండు మిల్లీమీటర్లు పెరిగినందువల్ల వచ్చే తేడాకన్నా, అది ఒక జానెడు అటో ఇటో తగిలినందువల్ల వచ్చే తేడా ఎన్నో రెట్లు ఎక్కువ. షికాగో ఫలితాలు అస్తవ్యస్తంగా రావడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా.

కుక్కరు మూత కిటుకు

కాలిబరు 45 అని తేలిపోయింది. ఇక ఏ పిస్తోలు? 1907లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పోటీ పెట్టారు. జర్మనీ నుంచి లూగర్ కూడా వచ్చింది. వడపోతలో రెండు నిలిచాయి: ఒకటి సావేజ్ కంపెనీది, రెండోది కోల్ట్ కంపెనీ తరఫున జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించినది. బ్రౌనింగ్ 1855లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి తుపాకులు చేసేవాడు. ఆ దుకాణంలోనే కొడుకు పని నేర్చుకున్నాడు.

అప్పటి కొత్త పిస్తోళ్ళ గొప్ప ఏమిటంటే, ఒక గుండు పేలిన తాకిడితోనే ఖాళీ తూటాను బయటికి విసిరి, కొత్త తూటాను అవే ఎక్కించుకుంటాయి. పైన ఉండే ఉక్కు తొడుగును స్లైడు అంటారు. అది వెనక్కి జారి ఆ పనంతా చేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకు నెడుతుంది. న్యూటన్ మూడో గమన సూత్రం చేత చేయించిన చాకిరీ అన్నమాట.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు ఉంటే, ఆవిరి పోకముందే మూత తీయవద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో! కుక్కరులో ఉండే పీడనం బయటి గాలికి దాదాపు రెండు రెట్లు. పిస్తోలు గొట్టంలో మందు అంటుకున్న క్షణాన పీడనం గాలి పీడనానికి 1,400 రెట్ల దాకా పోగలదు. అది తగ్గకముందే వెనుక తలుపు తెరుచుకుంటే కాల్చేవాడి చెయ్యీ మొహమూ దక్కవు.

బ్రౌనింగ్ ఏం చేశాడు? గొట్టాన్నీ స్లైడునూ ఒకదానికొకటి గాడుల్లో బిగించాడు. పేలగానే రెండూ కలిసే వెనక్కి కదులుతాయి. రెండూ కలిపి దాదాపు అరకిలో. గుండేమో 15 గ్రాములు. ద్రవ్యవేగాలు సమానం కనుక, గుండు 100 మిల్లీమీటర్లు పోయేసరికి అరకిలో బరువు మూడు మిల్లీమీటర్లే కదులుతుంది. ఆ కాస్త దూరం కలిసి పోయాక గొట్టం కిందనున్న చిన్న లంకె దాన్ని కిందికి లాగుతుంది. గాడులు విడిపోతాయి. అప్పటికి గుండు బయటికి పోయింది, పీడనం పడిపోయింది, తలుపు తెరవవచ్చు. ఇదంతా మీరు రెప్ప వేసేలోగా ఎప్పుడో అయిపోతుంది. గడియారం లేకుండానే, బరువుల నిష్పత్తితో కాలాన్ని కొలిచాడు చూశారా! నాకు ఆయుధాలంటే ప్రీతి లేదుగాని ఈ లంకెను తలచుకుంటే ఆ పనివాడికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. బ్రౌనింగ్ చివరి రోజుల్లో మొదలుపెట్టిన మరొక పిస్తోలును ఆయన 1926లో చనిపోయాక ఇతరులు పూర్తి చేశారు. దాని నమూనా మీదనే మన ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ మన సైన్యానికి 9 మిల్లీమీటర్ల పిస్తోళ్ళు తయారుచేసింది.

1911 మార్చిలో చివరి పరీక్ష. ఒక కోల్ట్, ఒక సావేజ్. ఒక్కొక్కదానితో ఆరువేల గుండ్లు కాల్చాలి. నూరు గుండ్లు కాల్చడం, చల్లారనివ్వడం, వెయ్యికొకసారి తుడిచి నూనె వెయ్యడం. మరీ కాలిపోతే నీళ్ళలో ముంచారు. సావేజ్ 37 సార్లు మొరాయించింది లేదా భాగం విరిగింది. అంటే ఎనిమిది తూటాల మేగజైను ఇరవైసార్లు ఖాళీ చేసేలోగా ఒకసారి చెయ్యిచ్చినట్లు. కోల్ట్? ఆరువేలకూ ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న సైన్యం దాన్ని స్వీకరించింది.

ఈ పరీక్షలో రెండింటికీ ఒకే షరతు, ఒకే లెక్క. చూసేవాడి ఇష్టాయిష్టాలకు చోటు లేదు. షికాగో పరీక్షకూ దీనికీ ఎంత దూరం!

అయినా ఒక తిరకాసు ఉంది. ఆరువేలల్లో ఒక్కసారీ ఆగలేదు కనుక ఎప్పటికీ ఆగదని అనవచ్చా? ఒక పాచిక తీసుకుని ఆరుసార్లు వెయ్యండి. ఆరుసార్లలో ఒకసారైనా ఆరు పడాలని ఉందా? ఇలా ఆరేసిసార్లు వంద ఆటలు ఆడితే, దాదాపు 33 ఆటల్లో ఒక్క ఆరు కూడా పడదు. అలాగే నిజానికి ఆరువేలకొకసారి మొరాయించే పిస్తోలు కూడా నూటికి 37 పాళ్ళు ఈ పరీక్షలో మచ్చలేకుండా నెగ్గగలదు. రెండువేలకొకసారి కంటే తరచుగా ఆగే రకం కాదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. పైగా పరీక్షించింది ఒకే ఒక పిస్తోలు. అగ్గిపెట్టెలోంచి ఒక్క పుల్ల గీసి పెట్టెంతా మంచిదన్నట్లే. కోల్ట్ పిస్తోలు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకుంది. మరొక పిస్తోలు విషయంలో అలా జరగలేదు.

తీగ తెగినట్లు

1970ల చివరికి అమెరికా సేనల్లో పాతికకు పైగా రకాల పిస్తోళ్ళు, రివాల్వర్లు, వాటికి వందకు మించిన రకాల తూటాలు పోగయ్యాయి. ఒక దళం తూటా మరొక దళానికి పనికిరాదు. మిత్రదేశాలన్నీ 9 మిల్లీమీటర్ల తూటా వాడుతుండగా వీళ్ళది వేరు. మళ్ళీ పోటీ. మొదట వైమానికదళం పరీక్షలు జరిపింది. పరీక్షించిన తీరే బాగాలేదని పదాతిసైన్యం ఒప్పుకోలేదు. మళ్ళీ పరీక్షలు, రద్దు, మళ్ళీ పరీక్షలు. చివరికి 1984లో ఎనిమిది నమూనాలు రంగంలోకి దిగితే రెండు నెగ్గాయి: ఇటలీవారి బెరెట్టా, సిగ్-సావర్ కంపెనీ పిస్తోలు. విడిగా చూస్తే సిగ్ ధరే కాస్త తక్కువ. మేగజైన్లు, విడిభాగాలు కలిపి లెక్క వేసేసరికి బెరెట్టా చవకైంది. 1985 జనవరిలో దాన్ని ఎంచుకున్నారు.

ఓడిన వాటిలో స్మిత్ అండ్ వెస్సన్ ఒకటి. తూటా వెనుక భాగాన్ని కొట్టే సూది ఎంత శక్తితో కొడుతుందన్న పరీక్షలో తప్పిందన్నారు. తీరా 1986లో అమెరికా చట్టసభ తరఫున లెక్కలు తనిఖీ చేసే కార్యాలయం చూస్తే, మెట్రిక్ కొలతను పాత ఇంగ్లీషు కొలతలోకి మార్చి అంకెను సవరించడంలో పొరపాటు జరిగిందని తేలింది! పరీక్ష పేపరులో ప్రమాణాలు మార్చడంలో తప్పు చేస్తే నేను అరమార్కు కోస్తాను. "అరమార్కేగా సార్" అని నవ్వేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అసలు కథ తరువాత ఉంది. 1987-88లో కొన్ని బెరెట్టా పిస్తోళ్ళ స్లైడు, కాలుస్తుండగా మధ్యకు విరిగి, వెనుక ముక్క ఎగిరివచ్చి కాల్చేవాళ్ళ మొహానికి తగిలింది. నావికాదళపు ప్రత్యేక సైనికులు గాయపడ్డారు. అన్ని పరీక్షల్లో నెగ్గిన పిస్తోలు అలా ఎందుకు విరిగింది? ఇనుప తీగను చేత్తో లాగితే తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది. వంచినప్పుడల్లా లోపల కంటికి కనబడని పగులు కొంచెం కొంచెం పాకుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. స్లైడు కూడా ప్రతి గుండుకూ ఒక దెబ్బ తింటుంది. తూటాల పీడనం ఎక్కువైందని కంపెనీ అన్నది. ఉక్కులోనే లోపముందని ఇంకొందరన్నారు. వాదం ఎటూ తెగలేదుగాని, మందు మాత్రం సులువుగా దొరికింది: సుత్తి ఇరుసు తలను పెద్దది చేసి స్లైడులో గాడి తొలిచారు. విరిగినా సరే ముక్క వెనక్కి ఎగరకుండా ఆ తల పట్టుకుంటుంది. విరగకుండా చేయడం ఒక పద్ధతి. విరిగినా మనిషికి తగలకుండా చేయడం మరొక పద్ధతి. 1988లో మళ్ళీ పోటీ పెడితే 1989లో బెరెట్టాయే తిరిగి గెలిచింది.

ఆ బెరెట్టా స్థానంలో 2017 జనవరిలో సిగ్-సావర్ కొత్త నమూనాను ఎంచుకున్నారు. ఈసారి పిస్తోలును నేలమీద పడవేసే పరీక్షలో ఒక లోపం దొరికింది. బస్సు సడన్‌గా ఆగితే మీరు ముందుకు తూలుతారు కదా, జడత్వంవల్ల. పిస్తోలు వెనుకవైపుగా ఒక వాలులో నేలను తాకినప్పుడు ఒళ్ళంతా ఆగిపోతుంది. మీట మాత్రం జడత్వంకొద్దీ ఇంకా కదులుతుంది. ఎవరో వేలితో నొక్కినట్లే! పిస్తోలు పేలింది. మీట బరువును తగ్గిస్తే దాని జడత్వం తగ్గుతుందని తేలిక భాగాలు అమర్చారు. ప్రజలకు అమ్మే నమూనాలో కూడా అదే లోపం ఉందని అదే ఏడు ఆగస్టులో బయటపడింది. అది అప్పటికే మామూలుగా చేసే పడవేత పరీక్షలన్నిటిలో నెగ్గింది. ఆ పరీక్షల్లో పిస్తోలును నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా పడవేసేవారు. ఈ వాలు మాత్రం వాటిలో లేదు.

మరి ఎన్ని వాలుల్లో పడవెయ్యాలి? ఒకే తలంలో 30 డిగ్రీలకొక స్థితి చొప్పున తీసుకుంటే 12 స్థితులు. 15 డిగ్రీలకొకటైతే 24. పక్కలకు కూడా వంచుతూ పోతే ఎన్నవుతాయో, ఒక్కొక్క స్థితిలో ఎన్నిసార్లు పడవేస్తే నమ్మవచ్చో, పాచిక లెక్క గుర్తుంచుకుని మీరే కట్టి చూడండి.